గుంజి చూసుడు

ఏడుపు రాలేదు. నిన్న పగటీలి ఫోను వచ్చినప్పుడు రాలేదు, రాత్రి రూముల లైట్లు బందైనంక రాలేదు, పొద్దుగాల పండ్లు తోముకుంటుంటె ఇగో ఇప్పుడొస్తదనుకున్నడు, నోట్ల నురుగు ఉమ్మేసిండు గని ఏడుపు మాత్రం రాలేదు. ఇప్పుడు సల్మాబాద్ యార్డుల పెద్ద బండి సీటు మీద కూసోని పక్కద్దంల తన మొఖం తనే చూసుకుంటున్నడు పరమేశ్. రెండేండ్లు సుత నిండని బిడ్డ సచ్చిపోయినోని మొఖం ఇట్లుంటదా? గడ్డం గీసుకున్నడు. నెత్తికి నూనె పెట్టి దువ్వుకున్నడు. ఉతికిన కంపెనీ అంగి తొడుక్కోని పై గుండీ దాక పెట్టుకున్నడు. తెల్వనోడు చూస్తే పెండ్లిపిల్లను చూసెతందుకు పోతున్నడనుకుంటడు. సిగ్గనిపియ్యాలె గద, సిగ్గు సుత అనిపిస్తలేదు. చేతులు తనయే, కాళ్ళు తనయే, కని వాటిని ఇంకెవలో తోలుతున్నట్టున్నది. పొద్దుగాల రొట్టె తిన్నడు. ఉప్పు తక్కువైందని సుత తెలిసింది.

శుక్రారం గాబట్టి షట్టర్లన్ని కిందికున్నయి. వెల్డింగు మోత లేదు, కంప్రెసరు మోత లేదు, కంపెనీ బస్సులు క్యాంపు గోడ పొంటి వరుసగ నిలబడ్డయి. గాలి కదుల్తలేదు, ఉక్క పోసుడే పోసుడు, అంగి అప్పుడే వీపుకు అతుక్కున్నది. ముందటద్దంల నుంచి చూస్తే యార్డు ఆ కొసకు తను తగిలియ్యాల్సిన ట్రైలరు ఉన్నది. ముందట రెండు ఇనుప కాళ్ళ మీద నిలబడ్డది, వెనుక టైర్ల గీరలు, నడుమ పొడుగ్గ ఉత్త బల్ల. దానికి మోటరు లేదు, స్టీరింగు లేదు, ఎవడన్న వచ్చి తగిలిచ్చుకోని గుంజుకపోతే పోవాలె, లేకుంటె అట్లనే నిలబడాలె. ముదీరు జుమ్మా నమాజుకు ముందే వస్తనన్నడు. యార్డుకు పెద్దమనిషి ఆయన, బహ్రెయినాయన, ఆయన పేరేందో సుత ఎవలకు తెల్వది, అందరికి ముదీరే. ఆయన వచ్చేదాక ఇట్ల కూసునుడే పని. బండి తోలుడు నేర్పిన బాఖర్ భాయ్ చాయ్ తెస్తనని పోయిండు.

ఇయ్యాల ట్రయలు. హెడ్డును, అంటె తను కూసున్న ఇంజను బండిని, వెనుకకు తీస్కపోయి ట్రైలరుకు తగిలియ్యాలె, గేటు దాటిచ్చాలె, బయటి ఖాళీ గల్లీ చుట్టు తిప్పుకరావాలె, వచ్చి నిలబడ్డ రెండు ట్రైలర్ల నడుమ వెనుకకు పెట్టాలె. గంతే. పెడితే రేపటి నుంచి లేబరు కాదు, డ్రైవరు. మీనా సల్మాన్ పోర్టుల సామాన్ గుట్టలు పడ్డది, గుంజెతందుకు మనుషులు లేరు, లైసెన్సు కతంత కంపెనీయే చూసుకుంటది. షరతు ఒక్కటే. ఈ నెలతోని పరమేశ్ వచ్చి రెండేండ్లు నిండుతయి, టికెటిచ్చి ఇంటికి తోలాలె, కని ట్రైలరు తీసుకుంటె టికెటు లేదు, సెలవు లేదు, ఇంకో ఏడాది దాక ఇంటి మొఖం చూసుడు లేదు. పాస్‌పోర్టు కంపెనీ అల్మారిల్నే ఉంటది. తోలుడు రాకుంటె ఖలాస్, టికెటు చేతుల పెట్టి పొమ్మంటరు, మల్ల పిలువరు. మొన్నటి నెల ముదీరు ఈ ముచ్చట చెప్పిన్నాడు పరమేశ్ ఎగిరి గంతేసిండు. ఏడాదే గద అన్నడు. ఫోన్ల పెండ్లాం కళకు సుత గదే చెప్పిండు. ఏడాదైతే చిన్నవ్వకు మూడేండ్లొస్తయి, మంచిగ మాట్లాడుతది, నేనొచ్చినంక ఎవలని అడిగితే మా బాపు అంటది, ఇప్పుడొస్తే నన్ను చూసి ఏడుస్తది అన్నడు. అన్నడు గద. కళ ఆ దిక్కుకెళ్ళి నీ ఇష్టం అన్నది. నీ ఇష్టం అన్నప్పుడు దాని గొంతు ఎట్లుండెనో యాది తెచ్చుకోవాలని చూస్తడు, లైను గరగర తప్ప ఏం యాదికొస్తలేదు.

చిన్నవ్వ అన్నది అసలు పేరు కాదు. బడిల రాయిచ్చెతందుకు వేరే పేరు పెట్టిండ్రు, ఆ పేరు ఎవలు పిలువలేదు. పుట్టంగనే వాడకట్టు ఆడోళ్ళు చూసి అచ్చం పరమేశ్ అవ్వనే మల్ల పుట్టిందన్నరట, నుదురు అదే, చెవులు అవే, కోపమొస్తే మూతి ముడుచుడు సుత అదేనట, ఇగ చిన్నవ్వ చిన్నవ్వ అనుడే ఖాయమైంది. పరమేశ్ దుబాయికి విమానం ఎక్కినప్పుడు కళకు కడుపు కనబడుడు అప్పుడే మొదలైంది. దుబాయి అంటె బహ్రెయినే, ఊర్ల ఎవలకు చెప్పినా దుబాయే అంటరు. పుట్టిందని ఫోన్ల విన్నడు, బోర్ల పడ్డదని ఫోన్ల విన్నడు, పండ్లొచ్చినయని, నిలబడ్డదని, నడిచిందని, అన్నీ ఫోన్లనే. ఒక్క ఫోటో పంపిండ్రు. కోరుట్ల స్టూడియోల దింపిచ్చిండ్రు, బుగ్గల చేతుల ఎర్ర గౌను, కాళ్ళకు పట్టగొలుసులు, గౌను మంచిగ పడ్డది, పట్టగొలుసులు సుత మంచిగ పడ్డయి, బటన్ నొక్కేటప్పుడు పిల్ల ఎవలో పిలిస్తె తల తిప్పిందట, మొఖం కదిలి మసక పడ్డది. మల్లొకటి దింపిచ్చి పంపుతమన్నరు. పంపలేదు. తను సుత మల్ల అడుగలేదు. రాత్రి ఆ ఫోటో తీసి ట్యూబులైటు కింద పట్టి శానసేపు చూసిండు, గౌనుకు ఎన్ని కుచ్చులున్నయో కండ్లు మూసుకున్నా చెప్తడు, మొఖమే లేదు. సచ్చిపోయిన అవ్వ మొఖాన్ని తీసి చిన్నగ చేసి ఆ మెడ మీద పెట్టాలని చూసిండు. అది ముసలి మొఖం. కుదురలేదు.

ఇంకేం తెలుసు? శ్వాస తెలుసు. శుక్రారం శుక్రారం కళ పిల్లను సంకకెత్తుకోని ఎస్టీడీ దుకాణం కాడికి వచ్చేది, మాట్లాడు బాపుతోని మాట్లాడు అని ఫోను పిల్ల చెవికి పెట్టేది, పిల్ల మాట్లాడకపోయేది, శ్వాస మాత్రం ఒత్తిగ వినబడేది, ఒక్కోసారి పండ్లతోని ఫోను కొరికిన చప్పుడు. పరమేశ్ ఈ దిక్కు గాజు డబ్బాల నిలబడి ఓ అవ్వా, ఓ చిన్నవ్వా అని ఒర్రుతుంటె బయట లైన్ల నిలబడ్డోళ్ళు నవ్వేటోళ్ళు. ఇంకోటి తెలుసు. ఫోను ఏడ కనబడ్డా బాపు అంటుందట. దుకాణపాయన టేబులు మీద నల్ల ఫోనును చూసి బాపు బాపు అని చేతులు చాపుతుందట. ఈ ముచ్చట కళ చెప్పినప్పుడు ఇద్దరు మస్తుగ నవ్విండ్రు. ఇప్పుడు ఆ ముచ్చట తలుచుకుంటె ఏమన్న అయితదేమోనని తలుచుకున్నడు. ఏం కాలేదు. పక్కద్దంల ఒక పిల్లి గోడ నీడ పొంటి నడిచిపోతున్నది, అది పోయేదాక చూసిండు.

నిన్న ఫోను చేసింది దేవన్న, కళ అన్న. కంపెనీ ఆఫీసుకు చేసిండు, ప్యూను వచ్చి షెడ్డుల నుంచి పిలుచుకపోయిండు, పరమేశ్ నడుస్తనే అనుకున్నడు ఆఫీసుకు ఫోను వచ్చిందంటె మంచి ముచ్చట కాదని. జెరం వచ్చిందన్నడు దేవన్న, మామూలు జెరమే అనుకున్నం బావా అన్నడు, సూది వేపిచ్చినం, తగ్గింది, మల్ల తెల్లారంగ ఎక్కువైంది, ఫిట్సు వచ్చినయి, ఆటోల ఏస్కోని దవాఖానకు పోతుంటె తొవ్వలనే పాయె అన్నడు. పెద్దమనిషి, ఏడ్చుకుంట చెప్తుండు, మాట మాట నడుమ ఆగుతుండు. పరమేశ్ ఏడ్వలేదు, ఊ ఊ అన్నడు, ఎవల ఆటో అని సుత అడిగిండు. ఆటో ఎవలదైతేంది! మట్టి సుత అయిపోయిందన్నడు దేవన్న, చిన్న పానం గద, ఆగరాదన్నరు పెద్దలు. పరమేశ్ కళకు ఫోను ఇయ్యమన్నడు. కళ తీసుకున్నది. శ్వాస వినబడ్డది, ఆ శ్వాస కళదా పిల్లదా అని ఒక్క గడియ ఆగమైండు. ఏందే కళా, ఎట్లున్నవే అన్నడు. ఎంత తెలివితక్కువ మాట! కళ ఏడ్వలేదు, తిట్టలేదు.

"నువ్వు చూడనే లేదు. నీకేం తెలుస్తది," అన్నది. అని ఫోను దేవన్నకిచ్చింది.

కోపంల అన్నదనుకుంటె సగం బాధ పోయేది. కోపం లేదు ఆ మాటల. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజమే గద, చూసినోళ్ళకు చూసింది పోయింది, చూడనోనికి ఏం పోయినట్టు? క్యాంపుకు తిరిగొచ్చేసరికి ముచ్చట అప్పటికే చేరింది. లచ్చన్న, పక్కూరాయన, రూముల కింది మంచమాయన, తలుపుకాడనే పట్టుకోని బోరున ఏడ్చిండు. పరమేశ్ ఆయన వీపు నిమిరిండు. చూసెటోళ్ళకు ఎవల బిడ్డ పోయిందో తెల్వకపోయేది. సావు సుద్ది విన్నంక తానం చెయ్యకుంట కూసోరాదని లచ్చన్న బాత్‌రూముకు తీస్కపోయిండు, ఎండకాలం ఇక్కడ ట్యాంకి నీళ్ళు సలసల కాగుతయి, బకెట్ల పట్టి చల్లారెదాక కూసున్నరు ఇద్దరు, బండ మీద, ఒకల మొఖం ఒకలు చూడకుంట. చల్లారలేదు. ఎంతసేపైనా గోరువెచ్చగనే ఉన్నయి. లచ్చన్న అవే నెత్తిమీద పోసిండు, మగ్గు మగ్గుకు పిల్ల పేరు తీసిండు. ఆయన సుత చూడలేదు పిల్లను. ఆయనకు ఎట్ల వచ్చిందో ఏడుపు. ఊర్ల ఆయనకు ముగ్గురు పిల్లలు, వాళ్ళను తలుచుకోని ఏడ్చిండేమో. అట్ల తలుచుకునెతందుకు సుత ఒక మొఖం ఉండాలె.

స్టీరింగు మీద చెయ్యి తనంతట తనే కిందికి జారి అడుగున పట్టుకున్నది. బాఖర్ భాయ్ నేర్పిన కిటుకు అది. వెనుకకు పోయేటప్పుడు స్టీరింగును పైన పట్టకు, అడుగున పట్టు, ట్రైలరు తోక ఎటు పోవాలంటె చేతిని అటు జరుపు, కొంచెమే జరుపు, ఎక్కువ జరిపినవా బండి కత్తెర లెక్క మడత పడుతది, ట్రైలరు వచ్చి నీ తలుపుల్నే పడుతది. నాలుగు శుక్రారాలు గిదే పాఠం. ఊర్ల పరమేశ్ ముత్యం పటేలు ట్రాక్టరు తోలిండు, చెరుకు లోడు ఏస్కోని చిన్నప్పటి నుంచి తిరిగిండు, ట్రాలీ వెనుకకు పెట్టుడు తనకు తెల్వదా అని మొదటి దినం మీసం దువ్విండు. తెల్లారినట్టే అయింది. ట్రాక్టరు మీద మనిషి మొత్తం వెనుకకు తిరిగి కూసుంటడు, ట్రాలీ కండ్ల ముందటే ఉంటది. ఇక్కడ అద్దాలే. అద్దంల ఉన్నంతే ట్రైలరు, అద్దంల లేనిది నీకు లేనట్టే. మూలమలుపుకు ట్రాక్టరు లెక్క తిప్పితే ముందట బండి పోతది గని వెనుక గీరలు లోపలికి కోసుకుంట వచ్చి గోడను గీకుతయి, అందుకని ముందుగాల దూరం పోవాలె, పోంగ పోంగ తిప్పాలె. మూడో దినం డీజిలు డ్రమ్ము ఒకటి అప్పచ్చి అయింది. బాఖర్ భాయ్ తిట్టలేదు, అరె పరమేశ్, ఆ ట్రాక్టరును ఊర్లనే ఇడిచిపెట్టి రావొద్దా, నెత్తిల పెట్టుకోని విమానం ఎక్కినవా అన్నడు. రాత్రిళ్ళు పరమేశ్ మంచం మీద సబ్బుడబ్బ ముందట, దువ్వెన వెనుక పెట్టి నేర్చుకున్నడు. దువ్వెన ఎటు పోవాలంటె సబ్బుడబ్బ అటు కాదు, ఇటు. లచ్చన్న చూసి పిచ్చి లేచిందన్నడు.

ఒక్కటి మాత్రం బాఖర్ భాయ్‌కు ఎప్పుడూ కోపమే. ఊర్ల ట్రాలీ తగిలిచ్చుడంటె ఇద్దరు పోరగాండ్లు గుంజను లేపి పట్టుకుంటరు, ట్రాక్టరు వెనుకకు వస్తది, పిన్ను వేస్తరు, ఠక్కుమంటది, ఆ చప్పుడు వినంగనే పోనీ అంటరు, పోతరు. చప్పుడు వచ్చిందంటె తగిలినట్టే. పరమేశ్ చెవికి అదే అలవాటు. ఇక్కడ హెడ్డు వీపు మీద గ్రీజు పూసిన పెద్ద ఇనుప ప్లేటు ఉంటది, దానికి నోరు. ట్రైలరు కడుపు కింద లావు పిన్ను. ప్లేటు పోయి ట్రైలరు కిందికి దూరితె పిన్ను నోట్ల పడాలె, నోరు మూసుకోవాలె. చప్పుడుకు ఏం విలువ లేదంటడు బాఖర్ భాయ్. ఇనుముకు ఇనుము తాకితె చప్పుడు ఎట్లనన్న వస్తది. దిగు. వంగి లైటు కొట్టి చూడు, నోరు మూసుకున్నదా లేదా. ఎక్కు, ట్రైలరు బ్రేకులు పట్టిచ్చి, మొదటి గేరేసి మెల్లగ గుంజి చూడు. అది నిన్ను ఆపాలె. ఆపిందంటెనే అది నీ వెనుక ఉన్నట్టు, లేకుంటె లేనట్టే.

తలుపు మీద దబదబ కొట్టిన చప్పుడైంది. బాఖర్ భాయ్ రెండు కాగితం కప్పులతోని పక్క సీట్లకు ఎక్కిండు. బోధన్ ఆయన, గడ్డం నెరిసింది, పరమేశ్ పుట్టకముందు నుంచే బండి తోలుతున్నడు. తాగు అన్నడు. తాగిండు. వద్దంటె చెప్పు, నేను ముదీరుతోని మాట్లాడుత, వచ్చే జుమ్మాకు పెట్టుకుందమని అన్నడు. వద్దు భాయ్, చేస్త అన్నడు పరమేశ్. ఎందుకు చేస్త అన్నడో తనకు తెల్వదు, నోరు అన్నది. బాఖర్ భాయ్ చాయ్ ఊదుకున్నడు. తర్వాత తన చిన్నబిడ్డ ముచ్చట తీసిండు, ఉమైమా ముచ్చట. అది పుట్టినంక ఐదేండ్లకు పోయిండట మొదటిసారి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల పెండ్లాం బిల్కీస్ పిల్లను ముందటికి నూకితే పిల్ల దుపట్టా సర్దుకోని, చుట్టాలకు చేసినట్టు సలాం చేసి, మంచిగున్నరా అని అడిగిందట. తను సుత మంచిగున్నం బేటీ అన్నడట. ఇప్పుడు దానికి పెండ్లయింది, ఆ పెండ్లికి సుత పోలేదు, ఫోన్ల దువా చేసిండు. గట్లనే ఉంటది మన బతుకు, పని పట్టుకో పరమేశ్, పని మనిషిని నిలబెడుతది అన్నడు. మంచిమాటే చెప్పిండు. పరమేశ్ చాయ్ అడుగున మిగిలిన చక్కెరను వేలుతోని తీసి నాకిండు. తియ్యగున్నది.

ముదీరు పికప్పు గేట్లకు వచ్చింది. తెల్ల దుస్తులు, అత్తరు వాసన, నమాజుకు తయారై వచ్చిండు, యల్లా యల్లా, తొందరగ అని చేతి గడియారం చూపెట్టిండు. బాఖర్ భాయ్ దిగిండు. ఒక్కడే చెయ్యాలె, పక్కన ఎవలు కూసోవద్దు. పరమేశ్ ఇంజను స్టార్టు చేసిండు. చేతిని స్టీరింగు అడుగుకు తెచ్చిండు, అద్దాలు చూసుకున్నడు, మెల్లగ వెనుకకు ఇడిచిండు, హెడ్డు సక్కగ పోయి ట్రైలరు కిందికి దూరింది, ఠంగుమని చప్పుడు వచ్చింది, ఆ చప్పుడు వినంగనే ఊర్ల ఎవలో పోనీ అన్నట్టు కాలు క్లచ్చు మీదికి పోయింది, చెయ్యి గేరు మీదికి పోయింది, పోయిండు. ఎవలో ఒర్రినట్టు అనిపించింది, ఇంజను మోతల సక్కగ వినబడలేదు. గేటు కాడ నిమ్మళం చేసిండు, గల్లీ మూలకు రెండు బారలు దూరం పోయి, పోంగ పోంగ తిప్పిండు, వెనుక గీరలు గోడను కొయ్యకుంట. ఎంత పద్ధతిగ తిప్పిండు! బ్రేకు ముందుగాల్నే తొక్కిండు, వెనుక బరువు నూకకుంట. రెండో మూలకు సుత గట్లనే. చానా తేలికగ పోతున్నది బండి, నాకు చేతనైంది అనుకున్నడు, ఆ అనుకునుడుల సంతోషం లేదు, బాధ లేదు. అద్దంల గోడ కనబడుతున్నది, మూసిన షట్టర్లు కనబడుతున్నయి, రోడ్డు కనబడుతున్నది. ట్రైలరు ఉండాల్సిన కాడ రోడ్డు ఎందుకు కనబడుతున్నదని తట్టెతందుకు చాలాసేపు పట్టింది.

బండి ఆపిండు. దిగి వెనుకకు పోయి చూసిండు. ప్లేటు నోరు తెరుచుకోని ఉన్నది, గ్రీజు మీద ఒక గీత. అంతే ఉన్నది. ట్రైలరు జర ఎత్తుకు నిలబడ్డదేమో, పిన్ను నోట్లకు పోనేలేదు, పైపైన తాకి చప్పుడు చేసి అట్లనే ఉండిపోయింది. ట్రైలరు బ్రేకులకు పెట్టే గాలి పైపులన్నా పెట్టుకుంటె అవి తెగినప్పుడు తెలిసేది, అవి సుత పెట్టలేదు. యార్డుల అది దాని రెండు కాళ్ళ మీద అది నిలబడే ఉన్నది, తను మాత్రం గల్లీ అంత తిరిగిండు, లేనిదానికోసం మలుపు మలుపుకు జాగలిడిచి, లేని బరువుకు బ్రేకులు తొక్కుకుంట. ఉక్కల రోడ్డు మీద నిలబడి ఉంటె మొదటిసారి భయమైంది పరమేశ్‌కు. పట్టుబడ్డందుకు కాదు. వెనుక ఏం లేదని వీపుకు తెల్వలేదు, అందుకు. ఇట్ల ఏడాది పొడుగునా తోలొచ్చు అనిపించింది. మీనా సల్మాన్‌కు పోవొచ్చు, రావొచ్చు, తినొచ్చు, పండొచ్చు, శుక్రారం లైన్ల నిలబడి ఫోను సుత చెయ్యొచ్చు. ఏం తెల్వకుంటనే అయిపోతది. తలుపు పట్టుకోని బండెక్కిండు.

తిరిగొచ్చేసరికి ముదీరు కడుపు పట్టుకోని నవ్వుతున్నడు, కండ్లల్ల నీళ్ళొచ్చినయి ఆయనకు, ట్రైలరును ఈడ మర్చిపోయి పోయినవా, దానికి అలిగినవా అని అరబ్బీల, హిందీల కలిపి అంటుండు. బాఖర్ భాయ్ నవ్వలేదు. ముదీరు దగ్గరికి పోయి మెల్లగ ఏదో బతిమాలిండు, ఇంకొక్కసారి అన్నట్టు. ముదీరు సరే అన్నడు, నవ్విచ్చినోని మీద మనిషికి దయ కలుగుతది. పరమేశ్ మల్ల వెనుకకు పెట్టిండు. ట్రైలరు కాళ్ళను హ్యాండిలుతోని తిప్పి జర కిందికి దింపిండు, మల్ల హెడ్డును తోసిండు. ఠంగుమన్నది. ఇంజను అట్లనే ఉంచి దిగిండు, నేల మీద మోకాళ్ళేసి వంగి లైటు కొట్టి చూసిండు. నోరు పిన్ను చుట్టు మూసుకోని ఉన్నది. ఎర్ర పైపు పెట్టిండు, పసుపు పైపు పెట్టిండు, లైట్ల వైరు పెట్టిండు. ఎక్కి ట్రైలరు బ్రేకు పట్టిచ్చి, మొదటి గేరేసి క్లచ్చు మెల్లగ ఇడిచిండు. హెడ్డు ముందటికి లేచింది, వణికింది, ఆగిపోయింది. వెనుకది గుంజి పట్టింది. ఆ పట్టుడు సీట్లకెళ్ళి వచ్చి నడుముకు తగిలింది, అక్కడ్నుంచి ఛాతిలకు. ఒక్కసారి చూస్తే చాలు. పరమేశ్ మల్ల చూసిండు. మల్ల గుంజిండు, మల్ల ఆపింది. మూడోసారి గుంజుతుంటె బాఖర్ భాయ్ చెయ్యి ఊపి చాలు చాలు పో అన్నడు.

పోయిండు. గేటు దాటిచ్చిండు, మూలమలుపులు తిప్పిండు, ఈసారి అద్దంల పొడుగు బల్ల వంగి వంగి వెంబడి వస్తున్నది, తను ఎటు పోతె అటు, జర ఆలస్యంగ. వచ్చి రెండు ట్రైలర్ల నడుమ వెనుకకు పెట్టిండు, స్టీరింగు అడుగున చెయ్యి, కొంచెం ఇటు, కొంచెం అటు, ఒక్కసారి ముందటికి తీసి సక్కగ చేసుకున్నడు, మల్ల ఇడిచిండు, అటు ఇటు ఒకే తీరు జాగ మిగిలింది. ముదీరు వచ్చి ఆ జాగను కాళ్ళతోని కొలిసిండు. మబ్రూక్ అన్నడు. వీపు మీద చరిచిండు, రేపు పొద్దుగాల పోర్టుకు బాఖర్ వెంబడి పో, కొత్త అగ్రిమెంటు మీద సంతకం ఇప్పుడే పెట్టిపో, నాకు నమాజుకు టైమైతున్నది అన్నడు. పికప్పుల నుంచి కాయిదాల ఫైలు తీసి బానెట్ మీద పెట్టిండు, పెన్ను మూత తీసి ఇచ్చిండు.

పెన్ను చేతికి తీసుకున్నడు పరమేశ్. కాయిదం ఎండకు తెల్లగ మెరుస్తున్నది, చెమట చుక్క ఒకటి దానిమీద పడ్డది, అది ఆరేదాక చూసిండు. తర్వాత పెన్నును కాయిదం మీద పెట్టేసి, టికెటు ఇయ్యమని చెప్పు భాయ్, ఇంటికి పోత అన్నడు.

బాఖర్ భాయ్‌కు కోపమొచ్చింది. అంత కోపం డ్రమ్ము అప్పచ్చి చేసిన్నాడు సుత రాలేదు. ఇంత కష్టపడి నేర్చుకున్నదెందుకు, ఇట్లాంటి పని కోసం మనుషులు లైన్ల నిలబడుతున్నరు, పోతే మల్ల ఎవడు పిలుస్తడు, ఇంకో ఏడాది ఓపిక పట్టలేవా అని గలగల అన్నడు. పరమేశ్ తల ఊపుకుంట అన్నీ విన్నడు. అన్నీ నిజాలే చెప్తున్నడు. ఆఖరుకు బాఖర్ భాయ్ చెయ్యి పట్టుకున్నడు, గొంతు తగ్గిచ్చిండు.

"పోయి ఏం చూస్తవురా? మట్టి సుత అయిపోయింది. అక్కడ ఎవలున్నరు ఇప్పుడు?"

"చూసెతందుకు కాదు భాయ్," అన్నడు పరమేశ్. మాట మామూలుగనే వచ్చింది, టైమెంతైంది అన్నట్టు. "నా బిడ్డ ఎట్ల నవ్వేది, ఎట్ల పండేది, నాకు ఒక్కటి తెల్వది. అన్నీ కళకే తెలుసు. అది మర్చిపోకముందే పోయి అడగాలె."

ఏమంటుండు, ఏమంటుండు అని ముదీరు గడియారం చూసుకుంట అడిగిండు. బాఖర్ భాయ్ కాయిదం మీది పెన్ను తీసి ముదీరు చేతుల పెట్టిండు, టికెటు ఇయ్యమంటుండు అన్నడు.